కుడివైపు గొర్రె

“మళ్ళీ ఆయనే,” అన్నాడు ఊద్వార్, పోలీసు జీపులో కూర్చుని దాల్చినచెక్క బన్ను కొరుకుతూ.

ఫియోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న రౌండబౌటులో పాత పసుపు కారొకటి గిరగిరా తిరుగుతోంది. ఎంతకీ బయటికి రావడం లేదు. చుట్టుపక్కల ఇంకో బండి కూడా లేదు.

ఇంగున్ పోలీసు టోపీ సర్దుకుంది. నార్వే ఉత్తరాది నుంచి ఈ చిన్న ఊరికి బదిలీ మీద వచ్చి ఆమెకింకా నెల కాలేదు. ఊద్వార్ ఇక్కడే పుట్టి, ఇక్కడే పోలీసై, రిటైర్మెంటు ముంగిట్లో ఉన్నవాడు.

“ఈసారి నువ్వు వెళ్ళు,” అంది.

“నా మోకాలి సంగతి తెలుసుగా. నువ్వే వెళ్ళమ్మా.”

బన్నుల దుకాణానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మోకాలు నొప్పి పెట్టదు.

ఇంగున్ చెయ్యి చూపించగానే పసుపు కారు బుద్ధిగా పక్కకు వచ్చి ఆగింది. అద్దం దిగింది. పొడుగాటి హల్వార్ తల బయటపెట్టాడు. మొదటిసారి ఆయన దొరికింది పట్టపగలు లైట్లు వెయ్యకుండా. పగలు కూడా వెయ్యాలని ఆమె చట్టం చెబితే, “సూర్యుడికి మనం సాయం చెయ్యాలాండీ?” అని అడిగాడు.

“ఇప్పుడేం చేస్తున్నారు హల్వార్ గారూ?”

“బయటికి వద్దామనేనండీ. ఇండికేటరు ఎప్పుడు వెయ్యాలో తేలక తిరుగుతున్నాను.”

“మీ దారికి ముందున్న దారి దాటగానే కుడివైపు వెయ్యాలి. లోపలికి వచ్చేటప్పుడు, లోపలున్న వాళ్ళకి దారివ్వాలి.”

“లోపలున్నది నేనొక్కణ్ణే. నాకు నేనే దారిచ్చుకుంటున్నాను.”

ఇంగున్ పెదవి కొరుక్కుంది. ఊద్వార్ సంచిలోంచి ఒక బన్ను లాక్కొచ్చి కారు బానెట్ మీద పెట్టింది. బన్ను రౌండబౌటు, ఎండుద్రాక్షలు కార్లు. హల్వార్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక, “ఇంకోసారి చెబుతారా?” అన్నాడు. రెండోసారి చెబుతుంటే ఒక ఎండుద్రాక్షను తీసి నోట్లో వేసుకున్నాడు.

“అదేమిటి?”

“అది దారివ్వలేదండీ.”

ఆ తర్వాతి వారం కొండదారి మొదట్లో దొరికాడు. కారు ఆపుకుని కూర్చున్నాడు. వెనక పోస్టు బండిలో ఒకావిడ చేతులు కట్టుకుని, హారను కూడా కొట్టకుండా, నవ్వుతూ చూస్తోంది. కుడివైపు సందు మొగలో ఒక గొర్రె నిలబడి ఉంది.

“కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలని చట్టం కదండీ,” అన్నాడు హల్వార్.

“అది రావడం లేదు. మేస్తోంది.”

“ఎప్పుడు మనసు మార్చుకుంటుందో మనమేం చెప్పగలం?”

వేసుకున్న యూనిఫారం కూడా మరిచిపోయి ఇంగున్ పకపకా నవ్వింది. గొర్రె మేత ఆపి తలెత్తి చూసింది.

ఆ సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఒక సంగతి గమనించింది. చేసిన చొక్కానే మళ్ళీ చేస్తోంది. గస్తీకి రోజూ అదే దారి ఎంచుకుంటున్నదీ తనే.

జూన్‌లో, ఎండ కాస్తుండగా, పసుపు కారు టకటకమని చప్పుడు చేసుకుంటూ వచ్చింది. మేకుల టైర్లు. మంచు కోసం వేసేవి. ఈస్టర్ దాటితే తీసెయ్యాలి. మొన్నటిదాకా ఈ చప్పుడు వినిపించలేదేమిటా అనుకుంటూనే ఇంగున్ జరిమానా రాసింది. హల్వార్ ఆ కాగితాన్ని బహుమతిలా అందుకున్నాడు.

ఆమె నవ్వలేదు. “ఇలాగే సాగితే మీ లైసెన్సు గురించి పైకి రాయాలి. రాయాల్సింది నేనే.” లైసెన్సు పోతే పసుపు కారు మళ్ళీ ఈ దారిన రాదు.

హల్వార్ ముఖంలో నవ్వు మాయమైంది. “అంత దూరం వస్తుందా?”

“వస్తుంది. చర్చి వీధిలో డ్రైవింగు స్కూలు ఉందట. సాయంత్రం క్లాసులకి వెళ్ళండి.”

“రోజూ వెళితే మీకు సంతోషమేనా?”

“సంతోషమే.”

“అయితే ఒక్క రోజు కూడా మానను. టైర్లు ఇప్పుడే మార్చేస్తాను.”

బస్ షెల్టరుకీ బండరాయికీ మధ్య ఉన్న ఇరుకులో కారును వెనక్కి పెట్టి, ఒక్క తిప్పులో మళ్ళించి వెళ్ళిపోయాడు. బరువెక్కిన మనసుతో ఇంగున్ అది చూసీ చూడనట్టే చూసింది. జీపులో ఊద్వార్‌కు పొలమారింది.

“ఏమైంది?”

“ఏం లేదమ్మా. కాఫీ అడ్డం పడింది.”

ఆ తర్వాత పసుపు కారు రోజూ వస్తూనే ఉంది. లైట్లు వేసుకుని, వేగం తగ్గించి, వేళకు ఇండికేటరు వేసి, మర్యాదగా చెయ్యి ఊపి వెళ్ళిపోతోంది. ఆపడానికి సాకు దొరకడం లేదు. చట్టం గెలిచింది కానీ రోజులు చప్పబడ్డాయి.

“మారిపోయాడు పాపం,” అన్నాడు ఊద్వార్. “వెళ్ళి చూసిరాకూడదూ?”

సెలవు రోజున ఇంగున్ నీలం గౌను వేసుకుని, ఒక బుట్ట స్ట్రాబెర్రీలు కొనుక్కుని చర్చి వీధికి వెళ్ళింది. అద్దం తలుపు అవతల కుర్రకారు కూర్చుని ఉన్నారు. హల్వార్ ఒక్కడే బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. పాపం, జవాబు రాకపోతే నిలబెట్టేశారు కాబోలు అనుకుంది.

బల్ల దగ్గర అల్లిక పనిలో ఉన్న పెద్దావిడ తలెత్తింది.

“ఆ పొడుగాటాయన్ని నేనే పంపించానండీ,” అంది ఇంగున్ గొంతు తగ్గించి. “కాస్త మెల్లగా నేర్చుకుంటారు. ఆయన్ని కోప్పడకండి.”

పెద్దావిడ సూదులు పక్కన పెట్టింది. నీలం గౌను వంక చూసింది, స్ట్రాబెర్రీల వంక చూసింది. “పోలీసు ఇంగున్‌వి నువ్వేనా తల్లీ?”

“నేనే. ఆయన పాసవుతారా?”

“ఈ ఊరందరికీ డ్రైవింగు నేర్పిందే ఆయనమ్మా.”