గోడ మీద పాట

సలాం చెబితే జవాబివ్వని మనిషిని ఇన్సాఫ్ అప్పటిదాకా చూడలేదు.

కొత్తగా వచ్చిన సంగీతం మాస్టారు వస్ఫీ, స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద ట్రాములు చూస్తున్నాడు. ఆమె వెనకనుంచి సలాం చెప్పింది. గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ఆయన కదల్లేదు.

అలెగ్జాండ్రియాలో, మొహర్రం బే పేట ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి అరబ్బీ పాఠాలు చెబుతున్న మనిషి ఇన్సాఫ్. అక్కడ టీచరమ్మలని అబ్లా అంటారు. వీధి ఊడ్చేవాడు కూడా ఆమె సలాంకి చీపురు ఆపి జవాబు చెబుతాడు. ఈయనకేం వచ్చింది?

"కంప్యూటర్లోంచి పంపి చూడండి అబ్లా, అందుతుందేమో," అన్నాడు లెక్కల మాస్టారు. అందరూ నవ్వారు.

వస్ఫీ చదువు గురించి కూడా బడిలో చెప్పుకుని నవ్వుకునేవారు. కైరోలో సంగీతం చదివాడట. ఊద్ అనే తీగల వాద్యం వాయించి పేరు తెచ్చుకున్నాడట. నలభై దాటాక అదంతా పక్కనబెట్టి, తన కొడుకు ఈడు కుర్రాళ్ల మధ్య కూర్చుని కంప్యూటర్ డిప్లొమా చేశాడట. ఇన్‌స్పెక్టర్ కుర్చీ మీద కన్ను పడి ఉంటుందని అందరూ తేల్చేశారు.

ఆయన పాఠం చెప్పే తీరూ వింతే.

సెల్‌ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని రోజులవి. బడికున్న ఒక్క కంప్యూటర్‌కి మైకు, ప్రొజెక్టర్ తగిలించి, దానికి కావలసిన ప్రోగ్రాం ఆయనే రాసుకున్నాడు. పిల్ల పాడుతుంటే గోడ మీద ఒక గీత పాకుతుంది. గొంతు లేస్తే గీతా లేస్తుంది. శ్రుతి తప్పితే ఎర్రబడుతుంది.

పాడటం రాదని ఎప్పుడో వెనక బెంచీకి తోసేసిన పిల్లలు కూడా, తమ గీతను తామే సరిచేసుకుంటూ పాడేస్తున్నారు. వాళ్లకి మాస్టారంటే ప్రాణం.

అది ఇన్సాఫ్ కంట పడలేదు. వరండాలోంచి ఆమెకు కనబడింది ఒక్కటే, పిల్లలకి వీపు పెట్టి గోడ వంక చూస్తున్న మనిషి. పిల్లల పాట వినేది యంత్రమైతే ఈయనకి జీతం దేనికని స్టాఫ్‌రూమ్‌లో అంటూ ఉండేది.

ఒకరోజు పాఠం మధ్యలో వెనక బెంచీలో ఒక పిల్లకి కళ్లు తిరిగాయి. మాస్టారూ, మాస్టారూ అని పిలుస్తూనే కింద పడిపోయింది. మిగతా పిల్లలు కేకలు పెట్టారు. గోడ మీద గీత పిచ్చిగా ఎగిరాక గాని వస్ఫీ వెనక్కి తిరగలేదు. అప్పటికే ఇన్సాఫ్ పరుగున లోపలికి వచ్చి పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"పిల్ల అంతలా పిలుస్తుంటే వినబడలేదా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"వినబడలేదు, అబ్లా."

ఎంత పొగరు, అనుకుంది ఇన్సాఫ్.

ఆ సాయంత్రమే హెడ్‌మిస్ట్రెస్‌కి ఫిర్యాదు రాసిచ్చింది. నిర్లక్ష్యం, పిల్లల ప్రాణాలంటే లెక్కలేనితనం, ఇంకా ఆ కోపంలో తోచినవన్నీ రాసింది. సంజాయిషీ అడిగితే వస్ఫీ ఒక్క మాట చెప్పుకోలేదు. నెల తిరగకుండానే ఉద్యోగం మాన్పించి ఇంటికి పంపేశారు.

వెళ్లేముందు ఆయన ఒక్కటే అడిగాడు. ఆ కంప్యూటర్‌ని సాయంత్రాలు ఇంటికి తీసుకెళ్లి పొద్దున్నే తెచ్చిస్తానన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ సరే అనబోయింది. బడి సొమ్ము బయటివాళ్ల చేతికి ఎలా ఇస్తారని అడ్డుపడింది ఇన్సాఫే.

తర్వాత వచ్చిన మాస్టారికి కంప్యూటర్ తెరవడమే తెలియలేదు. అది పాస్‌వర్డ్ అడిగింది. గోడ మళ్లీ ఖాళీ గోడ అయిపోయింది. వెనక బెంచీ పిల్లలు మళ్లీ నోళ్లు మూసుకున్నారు. ఆ రోజు పడిపోయిన పిల్లే వచ్చి, మా మాస్టారిని పిలిపించండి అబ్లా అని ఏడ్చింది.

ఇన్సాఫ్ మనసు చివుక్కుమంది. మనిషిని వెనక్కి తేవడం ఎలాగూ తన వల్ల కాదు. పాస్‌వర్డ్ అయినా అడిగి వద్దామని, మిఠాయి పెట్టె ఒకటి కొనుక్కుని ఆయన ఇంటికి వెళ్లింది.

తలుపు తీసిన భార్య సఫీనాజ్, ఎవరో పిల్ల తల్లి అనుకుని ఆదరంగా లోపలికి పిలిచింది. వస్ఫీ బాల్కనీలో కూర్చుని కళ్లు మూసుకుని ఊద్ వాయిస్తున్నాడు. సంగీతం తెలియని ఇన్సాఫ్‌కే తెలిసిపోయింది, ఒక తీగ బొత్తిగా శ్రుతి దిగిపోయిందని. ఆయన మాత్రం తన్మయంగా వాయిస్తూనే ఉన్నాడు.

ఆమె ముఖం చూసి సఫీనాజ్ దగ్గరికి జరిగింది.

"తీగ సంగతి ఆయనతో అనకమ్మా. చెవులు పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్ని వదులుకోలేకే ఆ వయసులో కంప్యూటర్ చదువు చదివారు. పాట వినాలన్నా, తీగ సరిచేసుకోవాలన్నా ఆ గీత ఒక్కటే దిక్కు. ఆ కంప్యూటర్ బడివాళ్లు ఇవ్వలేదట."

ఇన్సాఫ్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. వినబడలేదని ఆయన చెప్పింది నిజం. ఎదురుగా నిలబడి చెప్పాడు. తనే వినిపించుకోలేదు.

అంతలో వస్ఫీ కళ్లు తెరిచాడు. ఆమెను చూసి గబగబా లేచి వచ్చి, ముఖం నిండా నవ్వుతో భార్యను పిలిచాడు.

"బడిలో నా చెవుల సంగతి ఒక్కరికే చెప్పాను, ఆవిడ నిర్లక్ష్యమని రాసిందే గాని చెవిటివాడని రాయకుండా నా పరువు కాపాడింది అని చెప్పానే సఫీనాజ్, ఆ అబ్లా ఈవిడే."