తీతువు అరుపు

వాగు ఒడ్డున గడ్డి ఎవరిదని అడవిదున్నలూ అడవిపందులూ కుమ్ముకున్నాయి. గులకరాళ్ల మధ్య తీతువు పెట్టుకున్న గుడ్లు ఆ గిట్టల కింద చితికిపోయాయి. ఎండకు గుడ్లు కాగిపోకుండా పొట్ట తడుపుకొచ్చిన మగపక్షి ఆ తడితోనే నిలబడిపోయింది.

తీతువు అడవికి మంత్రి అయిన నక్క దగ్గరికెళ్లి, "మీ యుద్ధంలో నా కొంప కూలింది" అంది.

"యుద్ధమెక్కడిదమ్మా? రాజులు చాటింపు వేయించి దిగితేనే యుద్ధం. అది ఉత్త తోపులాట. యుద్ధమే లేనప్పుడు నష్టమెక్కడిది?" అంది నక్క.

తీతువు మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి పిల్లలకు నడక కన్నా ముందు, గిట్టల చప్పుడు వినగానే నేలను కరుచుకుని పడుకోవడం నేర్పింది. ఆలుమగలు వంతులేసుకుని నిద్రపోయారు.

ఒకరోజు మందలు మళ్లీ తలలు వంచి ఎదురెదురుగా నిలిచాయి. తీతువు గొంతు చించుకుని అరిచింది.

"వీరులు బయలుదేరే వేళ ఈ పాడు అరుపేమిటి? అపశకునం!" అని నక్క కసిరింది.

"నా గుడ్లు తొక్కిన కాళ్లు శుభమా? తొక్కొద్దని అరిచే నోరు అపశకునమా? నీ తోపులాటకు ఏ పేరైనా పెట్టుకో. నా పిల్లలు నేలమీదున్నారు, అరుస్తూనే ఉంటా!"

ఇప్పటికీ తీతువు అరిస్తే అందరూ అపశకునమనే అంటారు. గిట్టల చప్పుడు ఎటునుంచి వస్తోందని మాత్రం ఎవరూ అడగరు.