చలికాలంలో ఎంత దూరం

"చలికాలంలో ఎంత దూరం పోతుంది?" అని అడిగింది యూచిన్.

కారు అమ్మే మనిషి మొహమాటంగా నవ్వాడు. "కాగితం మీద నూట ఇరవై కిలోమీటర్లు వదినా. మన జిలిన్ ప్రాంతం చలికి బ్యాటరీ మొద్దుబారిపోతుంది. హీటరేస్తే అరవై దాటడం కష్టం."

"హీటరు వేయకపోతే?"

ఆమె భర్త వన్‌లిన్‌కి ఒళ్లు మండింది. ఇనుప పైపుల దుకాణం ఉన్నవాడు, ఊళ్లో పెద్ద జీపులో తిరిగేవాడు. ఈ అగ్గిపెట్టెంత కారు పక్కన నిలబడటమే అతనికి నామోషీగా ఉంది. తలుపు వేస్తే రేకు డబ్బా మూతేసిన చప్పుడు. లోపల రబ్బరు చెప్పుల కొట్టు వాసన. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"సంతకీ ఇంటికీ తిరగడానికి ఇన్ని ప్రశ్నలెందుకు?" అన్నాడు. అమ్మే మనిషి వైపు తిరిగి, మా ఆవిడ బుర్ర కూడా మీ బ్యాటరీ లాంటిదేనయ్యా, చలికి పనిచేయదు అని నవ్వాడు. ఆ మనిషి నవ్వలేదు. యూచిన్ అడిగిందే మళ్లీ అడిగింది. హీటరు లేకుండా నెమ్మదిగా పోతే తొంభై దాకా రావచ్చనీ, లోపలున్న మనిషి మాత్రం గడ్డకట్టి పోతుందనీ చెప్పాడతను.

కారు ఖరీదు ముప్పై వేల యువాన్లూ ఆమెవే. క్యాబేజీ ఊరగాయ జాడీలు అమ్మి ఏళ్ల తరబడి కూడబెట్టింది. అయినా వన్‌లిన్ ఒప్పుకున్నది అందుకు కాదు. యూచిన్ అక్క బయిషీ అనే పట్నంలో ఉంటుంది. భర్త పోయాక అక్కడే ఆవిరి రొట్టెల దుకాణం పెట్టుకుంది. అక్కడికెళ్లి వచ్చినప్పుడల్లా యూచిన్ ఎదురు మాట్లాడుతోందని వన్‌లిన్ రాకపోకలు మానిపించాడు. నిరుడు ఆ దారిలో బస్సు కూడా ఆగిపోయింది. బయిషీ ఎనభై కిలోమీటర్ల పైమాటే. దారిలో ఛార్జింగు పెట్టే చోటు ఒక్కటీ లేదు. ఇంటి ప్లగ్గులో పెడితే నిండటానికి రాత్రంతా పడుతుంది. పెళ్లాం బయట ఒక్క రాత్రి గడపడానికి అతను ఏనాడూ ఒప్పుకోలేదు. అంటే ఈ డబ్బా ఎండాకాలంలో కూడా బయిషీ పోయి తిరిగి రాలేదు. గుంజకు కట్టకుండానే కట్టినట్టు ఉంటుందని పక్కింటి మనిషితో గొప్పగా చెప్పుకున్నాడు.

కారు ఇంటికొచ్చాక అతని రోత ఇంకా పెరిగింది. వంటింటి కిటికీలోంచి వేలాడే వైరు, పొద్దున్నే ఆ వైరు చుట్టుకుంటూ కనిపించే పెళ్లాం, చూసిన ప్రతిసారీ అతనికి కాఫీలో ఈగ పడ్డట్టు ఉండేది. మంచు మొదలయ్యాక యూచిన్ దూదికోటు తొడుక్కుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని, హీటరు వేయకుండా నడిపేది. పని లేకపోయినా ఊరి బయటి రోడ్డు మీద చుట్లు కొట్టేది. నీలం పెదాలతో ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర నిలబడేది. ఒకరోజు వెనక సీటు ఊడబెరికించింది. ఎందుకని అడిగితే క్యాబేజీలకు చోటు కావాలంది.

జొన్న సారా పోసుకున్న స్నేహితుల ముందు వన్‌లిన్ అదే కథ చెప్పేవాడు. "గానుగెద్దులా తిరుగుతోంది. కరెంటు పొదుపట మహాతల్లికి. నాలుగు పైసల కోసం చచ్చేలా ఉంది. చూస్తుంటే నాకు వాంతికొస్తుంది."

యూచిన్ ఉడికిన కుడుములు వాళ్ల పళ్లేల్లో వేసి లోపలికి పోయేది.

కొత్త సంవత్సరం దగ్గర పడుతుండగా అక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మంచులో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందట. చూసొస్తానని అడిగింది యూచిన్. ఆ డబ్బా నిన్ను సగం దారిలో పాతిపెడుతుంది, పోవద్దన్నాడు వన్‌లిన్. జీపులో దింపమని ఆమె అడగలేదు, దింపుతానని అతనూ అనలేదు.

మరో నాలుగు రోజులకు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే పొయ్యి చల్లగా ఉంది. కారు లేదు. ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

ఎక్కడికెళ్లిందో అడగాల్సిన పని లేదు. జీపులో లాగుడు తాడు వేసుకుని బయిషీ దారి పట్టాడు. ఆ ఆటబొమ్మను తాడుకు కట్టి, ఊరంతా చూస్తుండగా ఈడ్చుకు రావాలనుకున్నాడు. అప్పుడు ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాడు.

మొక్కజొన్న పొలాలు దాటాక మంచు గాలి ఎక్కువైంది. సగం దారి దాటినా కారు జాడ లేదు. ఒకచోట గట్టు పక్కన కారంత తెల్లటి గుట్ట కనిపించి గబుక్కున బ్రేకు వేశాడు. దిగి మోకాలి లోతు మంచులో నడిచి చేత్తో తవ్వాడు. లోపల జొన్న దంట్లు. చేతులు దులుపుకుని తిరిగి జీపెక్కాడు. ఆ తర్వాత కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

బయిషీలో రొట్టెల దుకాణం ముందు ఆ కారు నిలబడి ఉంది, నెత్తిన మంచు కప్పుకుని. దాన్ని చూడగానే ఎక్కడ దాక్కుందో గానీ కోపమంతా తిరిగి వచ్చింది. అద్దంలోంచి లోపలికి చూశాడు. బ్యాటరీ గుర్తులో ఒకే ఒక్క గీత, అదీ ఎర్రగా.

దుకాణంలో ఆవిరి కమ్మి ఉంది. చేతికి కట్టుతో అక్క బల్ల వెనక కూర్చుని ఉంది. యూచిన్ నడుముకు గుడ్డ బిగించి పిండి పిసుకుతోంది. చెంపలు చలికి కమిలి ఉన్నాయి. అతన్ని చూసి ఆమె పని ఆపలేదు, కంగారు పడలేదు.

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"చేతులకు పిండి."

వన్‌లిన్ నవ్వాడు. గెలిచినవాడి నవ్వు. వినేవాళ్లుంటే బాగుండుననిపించి, రొట్టెల కోసం నిలబడ్డ ఇద్దరు ముసలమ్మల వైపు కూడా తిరిగాడు.

"ఒక్క గీత మిగిలింది. చూసుకున్నావా? చలికాలంలో ఎంత దూరం పోతుందని ఆ రోజు షోరూములో నా పరువు తీశావే, ఇంత చిన్న లెక్క రాలేదా నీకు? ఈ డబ్బాలో వెనక్కెలా వద్దామనుకున్నావు?"

యూచిన్ పిండి ముద్దను తిరగేసి బల్లకేసి కొట్టింది.

"తిరిగి రావడం నా లెక్కలో లేదు."