తమ్ముడి తుపాకీకి కొత్త కాళ్లు

తమ్ముడు దోందోగ్ వేట మానాలని రోజూ బుద్ధుడికి వెన్నదీపం పెడతాను. వాడేమో, "అక్కా, ఉలాన్‌బాతర్ వెళ్తున్నావుగా. తుపాకీ ఆనించడానికి నాన్న చెక్కిన కర్రకాళ్లు విరిగాయి. కొత్త స్టాండు తెచ్చిపెట్టు. బండల మీదా, వాలులోనూ, గడ్డిలోనూ నిలవాలి" అన్నాడు.

తెచ్చాను. కాళ్లు సాగుతాయి, ముడుచుకుంటాయి, పక్కకీ తిరుగుతాయి. "జపమాల తిప్పే చేతికి వేట సంగతి ఇంత తెలుసా" అని మురిసిపోయాడు.

మర్నాడు కొండమేకని చూసి బండ మీద స్టాండు కాలు సాగదీస్తే టక్కుమంది. మేక మాయం. గడ్డిలో జింక దగ్గరా అంతే.

సాయంత్రం ఉత్త చేతులతో వచ్చి, ఉప్పు టీ తాగుతూ, "స్టాండు బంగారం అక్కా. ఈ ఏడాది జంతువులకే బెదురెక్కువ" అన్నాడు.

అవునన్నాను. దుకాణంలో ఉన్నవన్నీ విప్పించి, చెవి ఒగ్గి విని, అన్నిటికన్నా గట్టిగా మోగినదాన్నే ఏరి తెచ్చానని మాత్రం చెప్పలేదు.