తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ

గొడవ ఒక కుర్చీ దగ్గర మొదలైంది.

ఆపరేషన్ థియేటర్ తలుపుకు అటూ ఇటూ కనబడే గుండ్రటి చిన్న అద్దం ఉంది. సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ అద్దం వైపే చూస్తున్నాడు.

"కాస్త పక్కకు జరుగుతారా? మా మరదలు కూర్చుంటుంది," అంది అక్క.

"పక్కన ఖాళీ ఉందమ్మా. నేనిక్కడే కూర్చోవాలి," అన్నాడాయన.

అక్కకు ఒళ్ళు మండింది. ఆమె బట్టలు కుడుతుంది. తల్లి పోయాక తమ్ముడిని పెంచి పెద్ద చేసింది ఆ కుట్టుమిషను మీదే. మిషను ఆగినా ఆమె నోరు ఆగదని వీధిలో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ తమ్ముడే ఇప్పుడు లోపల ఉన్నాడు. కిడ్నీలో క్యాన్సర్. బాగా ముదిరింది. గడ్డ కిడ్నీని దాటి, గుండెకు వెళ్ళే పెద్ద రక్తనాళంలోకి పాకింది.

సర్జన్ ఏదీ దాచలేదు.

"తీయకపోతే నెలలే. తీస్తే కొన్నేళ్ళు దొరకొచ్చు. తీస్తుండగానే ప్రాణం పోవచ్చు కూడా. అన్నీ తెలిసే సంతకం పెట్టండి," అన్నాడు.

భర్త కోసం ఆ సంతకం పెట్టడానికి మరదలు వెనకాడితే, పక్కనుండి ధైర్యం చెప్పి పెట్టించింది అక్కే. అందుకే ఆమెకు పొద్దుటి నుంచి కాలు నిలవడం లేదు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి, పెద్దాయనను చూసి, లోపలికి తిరిగి, "ఉన్నారు సార్," అంది.

"మొదలుపెట్టారా అమ్మా?" అడిగింది అక్క.

"లేదండీ. రక్తనాళాల డాక్టరుగారు వేరే పేషెంటు దగ్గర ఇరుక్కుపోయారు. ఆయన రావాలి."

"పెద్ద డాక్టరు ఉన్నాడుగా. ఒక్కడు చాలడా?"

నర్సు పెద్దాయన వైపు ఓ చూపు చూసింది.

"ఆయన ఇక్కడుండగా సార్ మొదలుపెట్టరు," అని తలుపు వేసేసింది.

అక్కకు సంగతంతా తెలిసిపోయినట్టయింది. ఎవరో పలుకుబడి ఉన్న మనిషి. తమ్ముడిని ఆపించి తనవాళ్ళను ముందు పంపించుకోవాలని చూస్తున్నాడు. అలా ఒకసారి అనుకున్నాక ఇక ఆమెను ఆపడం మరదలి వల్ల కాలేదు.

"ఏమండీ, మావాడు రాత్రి నుంచి చుక్క నీళ్ళు తాగలేదు. మీకోసం వాడిని ఆపుతారా?"

"నాకోసం కాదమ్మా."

"మరెవరికోసం? లోపల మీవాళ్ళు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అదీ సంగతి. మీ ఇంటి మనిషి ఆ బల్ల మీద ఉంటే తెలిసేది. ఇంత నిబ్బరంగా కూర్చునేవాళ్ళా?"

"వదినా, ఊరుకో," అంది మరదలు.

"నువ్వుండవే. కన్నవాళ్ళూ కట్టుకున్నవాళ్ళూ ఉన్నవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ. ఏ దిక్కూ లేనివాళ్ళకు ఆసుపత్రి కూడా కాలక్షేపమే."

వరండాలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. పెద్దాయన మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. ఆయన గడ్డం కొద్దిగా అదిరింది.

"రెండో డాక్టరు రాగానే లేచిపోతానమ్మా. అందాకా ఓర్చుకోండి," అన్నాడు.

చాలాసేపటికి మెట్ల మీద పరుగు వినిపించింది. రెండో డాక్టరు రొప్పుతూ వచ్చాడు. పెద్దాయనకు తలవంచి నమస్కరించి లోపలికి వెళ్ళిపోయాడు.

పెద్దాయన గోడ పట్టుకుని లేచాడు.

"ఇక మీరు కూర్చోండమ్మా," అని మెల్లగా మెట్లు దిగి వెళ్ళాడు.

మరదలు కూర్చోనంది. అక్కే కూర్చుంది, గెలిచినదానిలా.

సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. సర్జన్ ముందుగా ఆ కుర్చీ వైపు చూశాడు. అందులో అక్క కనబడేసరికి ఆయన ముఖం వాడిపోయింది.

"బతికాడమ్మా," అన్నాడు. "గడ్డ మొత్తం వచ్చేసింది. జబ్బు పూర్తిగా పోయిందని అనను, మందులు వాడాలి. తీస్తుండగా రక్తనాళం చిరిగింది. రెండో డాక్టరు పక్కన లేకపోతే మీవాడు నా చేతుల్లోనే పోయేవాడు."

మరదలు నేల మీద కూలబడి ఏడ్చింది. అక్క చేతులు జోడించింది.

"ఆయనేరీ?" అడిగాడు సర్జన్. "ఎప్పుడూ అయిపోయేదాకా ఉంటారే."

అక్క మెట్ల వైపు చూసింది.

"వెళ్ళిపోయారు. నేనే... నోటికొచ్చినట్టు మాట్లాడాను బాబూ. ఆయన వల్లే ఆలస్యమవుతోందని."

"ఆయన వల్లే ఆలస్యమైంది. ఆగకుండా మొదలుపెట్టేద్దామని పొద్దున నాకు రెండుసార్లు అనిపించింది. అద్దంలోంచి చూస్తే ఆయన కనబడ్డారు. ఆగాను. నాకు తొందరెక్కువమ్మా. అందుకే ఈ ఆపరేషన్ ఉన్నప్పుడల్లా నేనే ఫోన్ చేసి రమ్మంటాను. ఏమీ అనరు. నాకు కనబడేలా కూర్చుంటారు, అంతే."

అక్క ఆ కుర్చీలోంచి చటుక్కున లేచింది. కట్టుకున్నవాళ్ళ గురించి తను అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది.

"ఆయన ఎవరు బాబూ?"

సర్జన్ తల దించుకున్నాడు.

"చాలా ఏళ్ళ క్రితం, రెండో డాక్టరు కోసం ఆగకుండా, ఇదే ఆపరేషన్ నేనొక్కడినే ఆయన భార్యకు చేశానమ్మా."