కళాయి పోయిన బిందె

కూతురి నిఖాకని జానీ పాత కుట్టుమిషను చక్రంతో షర్బత్ కలిపే మిషను చేశాడు. నిమ్మరసానికి, ఆసుపత్రి పాత సామాన్లలో కొన్న గాజు జాడీ బిగిస్తుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఒరేయ్, ఆసుపత్రోళ్లు పామును నానేసిన జాడీరా అది!"

అప్పటికప్పుడే జాడీని నేలకేసి కొట్టాడు.

మర్నాడు పందిట్లో చూస్తే జాడీ చోట కళాయి పోయిన ఇత్తడి బిందె ఉంది. నిమ్మరసం నిన్నటి నుంచీ అందులోనే ఉందట. మొదటి గ్లాసు పెళ్లికూతురి కోసం జానీ పడుతున్నాడు.

"తాగొద్దురోయ్! పులుపు ఇత్తడికి తగిలితే విషమే!"

"మామ మళ్లీ మొదలెట్టాడ్రోయ్!" అని పందిరంతా నవ్వింది.

బిందెను ఒక్క తన్ను తన్నాను. రసం ఒలికిపోయాక చూస్తే లోపలంతా ఆకుపచ్చ చిలుము. నవ్వులు ఆగిపోయాయి.

జానీ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "రెండుసార్లు కాపాడావు మామా. నిన్న పాము, ఇయ్యాల చిలుము."

నేను తల ఎత్తలేకపోయాను. పాము మాట నేను సరదాకు పుట్టించింది. ఆ ఆసుపత్రి గడప నేనెన్నడూ తొక్కలేదు.