పొట్టి గొట్టం

“గొట్టం మళ్ళ పొడుగుది పెడితే ఇంజన్ రెండు మగ్గాలే గుంజుతది,” అన్నాడు అంబాదాస్ విసుగ్గా.

కుంఠా నాకా దగ్గరి షెడ్డులో మగ్గాలను నడిపేది పాత కారు ఇంజన్. గోడ దాటి పోయే దాని పొగగొట్టాన్ని నాలుగు రోజుల కింద అతడు కోసి పొట్టిగా చేశాక, నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి.

“పొగంత లోపల్నే తిరుగుతది. నా తల పగులుతది,” అంది అతని భార్య నాగవ్వ.

“నీకే అన్ని నొప్పులు,” బీడీలు చుడుతూ అత్త నవ్వింది. “నా మనుమరాలిని సూడు, ఎంత హాయిగ పండిందో. నాల్గు దినాలాయె, ఏడ్పే లేదు.”

నాగవ్వ షెడ్డులోనే కట్టిన ఉయ్యాల వైపు చూసింది. మగ్గాల చప్పుడు ఆగితే చాలు, ఉలిక్కిపడి లేచే పిల్ల అది.

ఆమె వెళ్ళి ఇంజన్ ఆపింది. షెడ్డు నిశ్శబ్దమైంది. పిల్ల కదల్లేదు.

ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. బయటి గాలి తగిలిన చాలాసేపటికి పిల్ల సన్నగా మూలిగింది.

“గొట్టం గోడ దాటేదాక ఈ ఇంజన్ నడువది,” గడప బయటే నిలబడి, గొంతు పెంచకుండా ఇంటిల్లిపాదికీ చెప్పింది నాగవ్వ.